హై హజార్డ్ అని రాశారంటే డ్యామ్ తెగిపోతుందనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కట్టల గురించే. వానాకాలం, సహజమే. బెంగళూరులో ఉంటున్న మనవాళ్లకి మనసు ఎప్పుడూ మూడు చోట్ల ఉంటుంది, ఇక్కడ, సొంతూళ్లో, పిల్లలున్న అమెరికాలో. ఉత్తరాలూ అలాగే వచ్చాయి. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి ఈసారి పేజీ మొత్తం వీటికే ఇస్తున్నాను. ఒకటి రెండు జవాబులు పొడుగయ్యాయి, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: ఇంజనీరు గారూ, నమస్కారం. మా అమ్మాయీ అల్లుడూ అమెరికాలో ఒక చిన్న ఊళ్లో కిందటేడాది ఇల్లు కొన్నారు. ఊరికి పైన పాత మట్టి డ్యామ్ ఉందట. ఇంట్లో దిగాక అల్లుడు ప్రభుత్వ జాబితా చూస్తే ఆ డ్యామ్ పేరు పక్కన ‘హై హజార్డ్’ అని ఉందట. పిల్లలు ‘ఏం కాదులే అమ్మా’ అంటున్నారు గానీ నాకు ఒకటే టెన్షన్. అక్కడ వాన అంటే చాలు ఇక్కడ నాకు నిద్ర పట్టట్లేదు. ఇల్లు అమ్మేసి వేరేచోటికి మారమని గట్టిగా చెప్పనా?
ఒక తల్లి, రామమూర్తినగర్

జవాబు: అమ్మా, ఇల్లు అమ్మమని అప్పుడే చెప్పకండి. ఆ ‘హై’ అన్న మాట డ్యామ్ ఆరోగ్యం గురించి రాసింది కాదు. ఒకవేళ తెగితే కింద ఎంత నష్టం జరుగుతుందన్నదానికి పెట్టిన గుర్తు అది. ట్రాన్స్‌ఫార్మర్‌కి డేంజర్ బోర్డు ఉంటుంది చూడండి, అది పేలబోతోందని ఎవరూ అనుకోరు, దగ్గర జాగ్రత్తగా ఉండమని అర్థం చేసుకుంటారు. ఇదీ అలాంటిదే. తెగితే మనుషుల ప్రాణాలు పోయే అవకాశం ఉంటే ‘హై’ అంటారు. ప్రాణాలకి ఇబ్బంది లేకపోయినా రోడ్లు, కరెంటు, ఆస్తులు బాగా దెబ్బతింటాయనుకుంటే ‘సిగ్నిఫికెంట్’. ఏ బీడు భూమో మునిగి అక్కడితో పోతుందనుకుంటే ‘లో’. నిన్నగాక మొన్న అన్ని జాగ్రత్తలతో కట్టిన డ్యామ్ అయినా సరే, కింద ఇళ్లుంటే దానికీ ‘హై’ అనే రాస్తారు. అమెరికా జాతీయ జాబితాలో 90 వేలకు పైగా డ్యాములుంటే, వాటిలో ఇలా ‘హై’ అని ఉన్నవి దాదాపు 16 వేలు. అవన్నీ తెగిపోయే డ్యాములైతే ఆ దేశంలో ఎవరూ కంటినిండా నిద్రపోరు.

మీరు అడగాల్సింది ఇంకోటుంది. అదే జాబితాలో డ్యామ్ పరిస్థితికి వేరే గడి ఉంటుంది, అందులో ‘శాటిస్‌ఫ్యాక్టరీ’, ‘ఫెయిర్’, ‘పూర్’, ‘అన్‌శాటిస్‌ఫ్యాక్టరీ’ అని నాలుగు మాటల్లో ఏదో ఒకటి రాస్తారు, లేదంటే ఇంకా చూడలేదని రాస్తారు. అల్లుడుగారిని ఆ గడి చూడమనండి. ‘హై’ పక్కన ‘శాటిస్‌ఫ్యాక్టరీ’ ఉంటే మీరు హాయిగా పడుకోవచ్చు. ‘హై’ పక్కన ‘పూర్’ ఉంటే మాత్రం ఊరుకోకూడదు, మరమ్మతు ఎప్పుడు, డబ్బెవరిది, అప్పటిదాకా నీటిమట్టం తగ్గించి ఉంచుతున్నారా అని ఊరి కౌన్సిల్లో నిలబడి అడగాలి. తనిఖీ చివరిసారి ఎప్పుడు జరిగిందో ఆ తేదీ కూడా చూడమనండి. పదేళ్ల నాటి ‘శాటిస్‌ఫ్యాక్టరీ’కి నేనైతే పెద్ద విలువ ఇవ్వను.

ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. డ్యామ్‌లో ఒక్క రాయి కూడా కదలకుండానే దాని వర్గం మారిపోతుంది. అరవై, డెబ్బై ఏళ్ల కిందట పొలాల మధ్య, రైతుల అవసరానికి కట్టిన చిన్న కట్ట అనుకోండి, అప్పుడు కింద పశువులు మేసే బయలు తప్ప ఏమీ లేదు, ‘లో’ అని రాశారు, అలుగు (నిండాక ఎక్కువైన నీళ్లు బయటికి పోయే దారి) కూడా ఆ లెక్కకి తగ్గట్టే చిన్నదిగా పెట్టారు. తర్వాత ఊరు పెరిగింది, చెరువు కనిపించే ఇళ్లంటే గిరాకీ, వాగు పక్కనే లేఅవుట్ వేశారు. ఇప్పుడు ఆ కట్ట ‘హై’ అయింది. దీన్ని అక్కడివాళ్లు హజార్డ్ క్రీప్ అంటారు. వర్గం మారగానే నియమాలూ మారతాయి, ‘హై’ డ్యామ్ ఇంకా చాలా పెద్ద వరదని కూడా కట్ట మీదకి రానివ్వకుండా పంపించగలగాలి, అంటే అలుగు వెడల్పు చేయాలి, దానికి కోట్లు కావాలి, చిన్న ఊరి దగ్గర అంత డబ్బుండదు. మీ అమ్మాయి ఊళ్లో ఇదే జరిగి ఉండొచ్చు. తప్పు డ్యామ్‌ది కాకపోయినా ఆ అలుగు సరిపోతుందా లేదా అన్న ప్రశ్న మాత్రం నిజమైనదే.

అలుగు సంగతి ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, మిషిగన్ రాష్ట్రంలో ఈడెన్‌విల్ అని ఒక మట్టి డ్యామ్ ఉండేది. పెద్ద వరదకి దాని అలుగు చాలదని కేంద్ర నియంత్రణ సంస్థ ఏళ్ల తరబడి చెప్పి, 2018లో కరెంటు ఉత్పత్తి లైసెన్సే రద్దు చేసింది. పని మాత్రం జరగలేదు. 2020 మే 19న భారీ వానలకి అది తెగింది, ఆ నీళ్లు వెళ్లి కిందనున్న శాన్‌ఫర్డ్ డ్యామ్‌నీ తెంచేశాయి. అయితే ముందే హెచ్చరించి దాదాపు 10 వేల మందిని ఇళ్లు ఖాళీ చేయించారు కాబట్టి ఒక్క ప్రాణం కూడా పోలేదు. 1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మచ్ఛు-2 డ్యామ్ మట్టికట్టలు కొట్టుకుపోయినప్పుడు మోర్బీ పట్టణానికి ఆ కబురు అందనే లేదు. వేలమంది పోయారు. రెండుచోట్లా కట్టే తెగింది, ఒకచోట మాత్రం మనుషులకి ముందు తెలిసింది.

కాబట్టి అల్లుడుగారు చేయాల్సిన పనులు చెబుతాను. ఆ డ్యామ్‌కి ఎమర్జెన్సీ యాక్షన్ ప్లాన్ (అత్యవసర ప్రణాళిక) ఉందా అని కౌంటీ (అక్కడి జిల్లా లాంటిది) ఆఫీసులో అడగాలి. తెగితే నీళ్లు ఎంతదూరం, ఎంతసేపట్లో వస్తాయో చూపించే మ్యాపు ఉంటుంది, దానిలో తమ ఇల్లు ఎక్కడుందో, ఎత్తైన చోటికి వెళ్లే దారి వాగుని దాటుతుందా లేదా చూసుకోవాలి. కౌంటీ హెచ్చరికలు ఫోన్‌కి వచ్చేలా నమోదు చేసుకోవాలి. వరద బీమా విడిగా తీసుకోవాలి, మామూలు ఇంటి బీమాలో వరద రాదు, పైగా ప్రభుత్వ వరద బీమా కట్టిన 30 రోజులకి గానీ సాధారణంగా అమల్లోకి రాదు, అందుకని తుఫాను వార్త వినగానే కడదాం అనుకుంటే కుదరదు.

ఇంకొకటి. అమెరికాలో డ్యాముల్లో సగానికి పైగా ప్రైవేటువాళ్లవే, కాలనీ సంఘాల చేతుల్లో ఉన్న చెరువులూ తక్కువేం కాదు. వాళ్ల ఇల్లు అలాంటి సంఘంలో ఉంటే ఆ డ్యామ్‌కి మీ అమ్మాయి కూడా ఒక యజమాని కిందే లెక్క, మరమ్మతు ఖర్చులో వాటా వస్తుంది. ఇంటి కాగితాలు మళ్లీ ఒకసారి చదవమనండి.

ప్రశ్న: సార్, మాది రాజంపేట దగ్గర. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు మా బంధువుల ఇళ్లు పోయాయి. మన దేశంలో కూడా డ్యాములకి ఇలాంటి వర్గాలు, తనిఖీలు ఉన్నాయా? మా అత్తగారి ఊరికి పైన కూడా ఒక మట్టికట్ట ఉంది, దాని సంగతి నేను ఎలా తెలుసుకోవాలి?
ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: బాబూ, పులపత్తూరు, మందపల్లి, తోగూరుపేట పేర్లు వింటే ఇప్పటికీ నాకు గుండె బరువెక్కుతుంది. నవంబరు 19 తెల్లవారుజామున పైన పింఛా ప్రాజెక్టు కట్ట తెగి ఆ నీళ్లు కూడా వచ్చి చెయ్యేరులో కలిశాయి. అన్నమయ్య ప్రాజెక్టు గేట్లన్నీ ఎత్తితే పంపగలిగేది 2 లక్షల క్యూసెక్కుల పైచిలుకు, వచ్చిన వరద 3 లక్షలు దాటింది. అయిదు గేట్లలో ఒకటి ఎత్తడానికి వీల్లేకుండా ఉంది. నీళ్లు మట్టికట్ట మీదుగా పారాయి. మట్టికట్ట మీద నీళ్లు పారడం మొదలైతే ఇక ఎవరూ ఆపలేరు, వెనక వాలు మట్టిని పొరలు పొరలుగా కోసుకుపోతుంది, గంటల్లో గండి పడుతుంది.

ఆ ఘోరం జరిగిన నెలన్నర లోపే, 2021 డిసెంబరు 30న, దేశంలో ఆనకట్టల భద్రతా చట్టం అమల్లోకి వచ్చింది. బిల్లు అంతకుముందు నుంచే ఉంది గానీ మన ప్రాంతంవాళ్లకి ఆ రెండూ కలిసే గుర్తుంటాయి. ఎత్తు 15 మీటర్లు దాటిన డ్యాములన్నీ దీని కిందకి వస్తాయి. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవైతే, కట్ట పొడవు 500 మీటర్లకి తగ్గకపోవడం, నీటి నిల్వ 10 లక్షల ఘనపు మీటర్లకి తగ్గకపోవడం లాంటి షరతుల్లో ఏదో ఒకటి ఉంటే వస్తాయి. అలాంటివి దేశంలో ఆరు వేలకు పైగా ఉన్నాయి, ఎక్కువభాగం మట్టివే. ఏటా వానలకి ముందొకసారి, తర్వాతొకసారి తనిఖీ చేయాలి. లోపాలని మూడు కేటగిరీలుగా రాస్తారు. డ్యామ్ తెగిపోవడానికి దారితీసే లోపం కేటగిరీ 1. వెంటనే బాగుచేయాల్సిన పెద్ద లోపం కేటగిరీ 2. ఆ ఏడాదిలో సరిచేసుకోగల చిన్న మరమ్మతులు కేటగిరీ 3. ఇది డ్యామ్ పరిస్థితి సంగతి. కింద ఉన్నవాళ్లకి ఎంత ముప్పు అన్న వర్గీకరణ విడిగా చేయాలని కూడా చట్టంలో ఉంది, ఆ పని రాష్ట్ర డ్యామ్ సేఫ్టీ సంస్థది. పాత డ్యాములకి అత్యవసర ప్రణాళిక తయారుచేయడానికి అయిదేళ్ల గడువిచ్చారు, అంటే 2026 డిసెంబరు దాకా.

మీ అత్తగారి ఊరి కట్ట గురించి నేను చెప్పేది ఒకటే, సమాచార హక్కు కింద ఒక అర్జీ పెట్టండి. జలవనరుల శాఖలో ఆ డివిజన్ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) ఆఫీసు పేరున రాయండి. గత రెండేళ్ల తనిఖీ నివేదికలు, ఏ కేటగిరీ లోపాలు రాశారు, వాటిలో ఏవి పూర్తయ్యాయి, గేట్లు చివరిసారి ఎప్పుడు ఎత్తి చూశారు, అత్యవసర ప్రణాళిక నకలు. ఇవి అడగండి చాలు. ‘డ్యామ్ సురక్షితమేనా’ అని అడగొద్దు, ‘సురక్షితమే’ అని ఒక్క మాటతో ముగిస్తారు. మీకు కావాల్సింది కాగితం మీద తేదీలు.

అలుగు ఏ వరదకి లెక్కకట్టారో కూడా అడగండి. మన దగ్గర 1985 నాటి ఐఎస్ 11223 ప్రమాణం ప్రకారం చిన్న డ్యామ్‌కి 100 ఏళ్ల వరద సరిపోతుంది. 100 ఏళ్ల వరద అంటే నూరేళ్లకి ఒక్కసారే వస్తుందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. ఆ కట్ట కింద 30 ఏళ్లు కాపురం ఉంటే ఒక్కసారైనా దాన్ని చూసే అవకాశం నూటికి 26. కింద పొలాలే ఉంటే ఫరవాలేదు, ఊరు ఉంటే ఇది తక్కువని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: మట్టి డ్యామ్ కన్నా సిమెంటు డ్యామ్ ఎప్పుడూ గట్టిదే కదా?
ఒక విద్యార్థి, కోరమంగళ

జవాబు: అలా ఏం లేదు. టెహ్రీ డ్యామ్ 260 మీటర్ల ఎత్తు, మట్టీ రాళ్లతో కట్టిందే. నాగార్జునసాగర్‌కి మధ్యలో రాతి కట్టడం ఉన్నా రెండువైపులా మట్టికట్టలే. చెన్నైకి తాగునీళ్లిచ్చే కండలేరు డ్యామ్‌కి దాదాపు 11 కిలోమీటర్ల మట్టికట్ట ఉంది. సరిగ్గా దట్టించి, లోపల నల్లరేగడి లాంటి బిగువైన మట్టితో గుండె పోసి, ఊట బయటికి పోయే ఇసుక పొర పెడితే మట్టికట్ట భూకంపాన్ని కూడా బాగానే తట్టుకుంటుంది. దాని బలహీనతలు ప్రధానంగా రెండు, పైనుంచి నీళ్లు పారడం, లోపలినుంచి మట్టి కొట్టుకుపోవడం. మొదటిది పై జవాబులో చెప్పాను, రెండోదానికి కింద చదవండి.

ప్రశ్న: అయ్యా, మాది చిత్తూరు జిల్లా. మా ఊరి చెరువు ఈసారి నిండి మొరవ (అలుగు) పోతా ఉంది. కట్ట కింద పొలం వైపు ఒకచోట నీళ్లు ఊరుతున్నాయని మా నాయన ఫోన్ చేసినాడు. ఊళ్లో కొందరు అక్కడ బంకమట్టి కొట్టి మూసేద్దామంటున్నారు. మూయచ్చా?
ఒక పాఠకుడు, కె.ఆర్.పురం

జవాబు: వద్దు. ఈ పత్రిక మీ చేతికి వచ్చేదాకా ఆగకూడదని మీకు ఫోన్లో ముందే చెప్పాను, మిగతావాళ్లకి ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాను. పొలం వైపు ఊటని మట్టితో మూస్తే నీళ్లు ఆగవు, లోపల ఒత్తిడి పెరిగి ఇంకోచోట, ఇంకా పెద్దగా పొడుచుకొస్తాయి.

ముందు ఆ నీటి రంగు చూడాలి. తెల్లటి గాజు సీసాలో ఆ ఊటనీళ్లు పట్టి, కదపకుండా నేల మీద ఒక అరగంట పెట్టండి. అడుగున ఏమీ పేరుకోకపోతే అది చాలా కట్టలకి ఉండే మామూలు ఊట, కనిపెట్టుకుని ఉంటే చాలు. రోజూ ఒకే వేళకి ఒకే బిందె పెట్టి, నిండడానికి ఎంతసేపు పట్టిందో గోడ మీద రాసుకోమనండి, చెరువు మట్టం పెరగకపోయినా బిందె తొందరగా నిండుతుంటే అనుమానించాలి. సీసా అడుగున సన్నటి ఒండ్రు పొర కనబడిందంటే మాత్రం కట్ట లోపలి మట్టి కరిగి బయటికి వస్తోందన్నమాట. అది బుంగ మొదలు. అమెరికాలో ఐడహో రాష్ట్రంలో 90 మీటర్లకు పైగా ఎత్తున్న టీటన్ డ్యామ్ 1976 జూన్ 5న పొద్దున బురదనీటి ఊటతో మొదలై మధ్యాహ్నం 12 కొట్టేలోపే కూలిపోయింది. 11 మంది చనిపోయారు. కాబట్టి బురదనీళ్లు కనబడ్డాక రేపు చూద్దాం అనడానికి లేదు. వెంటనే ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి), తహశీల్దారుకి చెప్పాలి, తూములు తెరిచి మట్టం దించాలి, కట్ట కింద ఇళ్లలో ముసలివాళ్లనీ పిల్లల్నీ ముందు తరలించాలి.

ఇంజనీరు వచ్చేలోపు ఊరివాళ్లు చేయగలిగింది ఉంది. ఊట చుట్టూ ఇసుక మూటలతో గుండ్రంగా అడ్డం పెట్టి, లోపల ముందు ముతక ఇసుక, దాని మీద చిన్న కంకర, ఆపైన పెద్ద కంకర పోయాలి. నీళ్లు రావాలి, మట్టి రాకూడదు, అదీ లెక్క. నీళ్లు మరీ ఉరవడిగా వచ్చి ఇసుకని తోసేస్తుంటే ముందు కంకర పోసి ఆ ఊపు తగ్గించాక ఇసుక పోయాలి. పగలూ రాత్రీ మనిషి కాపలా ఉండాలి. 2022 ఆగస్టులో మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లా కారం డ్యామ్ మట్టికట్టకి ఇలాగే లీకు వస్తే, కింద ఊళ్లు ఖాళీ చేయించి, పక్కన కాలువ తవ్వి నీళ్లు వదిలేశారు. ప్రాణనష్టం లేదు. డ్యామ్ పోతే పోయిందని తెగించి నీళ్లు వదిలారు చూడండి, ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లకి చేతులెత్తి దణ్ణం పెడతాను.

మన పెద్దలకి ఇది తెలియనిదేం కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది, బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. చెరువుకి ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో చెక్కించారు. దోషాల్లో మొదటిది కట్టనుంచి నీరు ఊరడం. ఆ చెరువు కింద ఇప్పటికీ పంట పండుతోంది. మీ నాయనగారిలా రోజూ కట్ట వెంట నడిచి చూసే మనిషి ఉండటం నా దృష్టిలో ఏ పరికరానికీ తీసిపోదు. ఆయనకి నా నమస్కారాలు చెప్పండి.

ప్రశ్న: సార్, మా అపార్ట్‌మెంట్ చెరువు కట్ట కిందే ఉంది. ఈ ఆదివారం కట్ట మీద రెండు వందల మొక్కలు నాటాలని అసోసియేషన్ నిర్ణయించింది, రావి, వేప, కానుగ. మంచిదే కదా? మా చెరువుకి కూడా ఏదైనా సేఫ్టీ వర్గం ఉంటుందా?
ఒక పాఠకురాలు, బన్నేరుఘట్ట రోడ్డు

జవాబు: ఉద్దేశం మంచిదే అమ్మా, చోటు మాత్రం కట్ట కాకూడదు. పెద్ద చెట్ల వేళ్లు కట్టలోకి దూరతాయి. చెట్టు బతికున్నన్నాళ్లూ ఒక రకం, చచ్చి వేరు కుళ్లితే అక్కడ నీళ్లకి తయారుగా ఒక గొట్టం ఉన్నట్టే. గాలివానకి చెట్టు కూలితే వేళ్లతో సహా కట్టలో పెద్ద గుంట లేస్తుంది. నీడలో గడ్డి మొలవదు, ఎలుకలూ పందికొక్కులూ చేసిన బొరియలు ఎవరికీ కనబడవు. కట్ట మీద ఉండాల్సింది పొట్టిగా కోసిన గడ్డి ఒక్కటే. ఇప్పటికే పెద్ద చెట్లున్నాయా, వాటిని మీరే కొట్టించొద్దు, వేరు తీయడం కూడా కట్టకి దెబ్బే, ఇంజనీరు చూసి చెప్పాలి.

వర్గం విషయానికొస్తే, మన బెంగళూరు చెరువుల కట్టలు చాలావరకు 10 మీటర్ల లోపే కాబట్టి ఆ డ్యామ్ చట్టం కిందకి రావు. చట్టం లెక్కలో చిన్నవి, కింద ఉన్న జనం లెక్కలో కావు. 2019 నవంబరు 24న హుళిమావు చెరువు కట్టకి గండి పడి వందల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, అది మీ రోడ్డు పక్కనే, గుర్తుండే ఉంటుంది. మీ కట్ట గురించి పాలికె (నగరపాలక సంస్థ) చెరువుల విభాగానికి రాతపూర్వకంగా మూడు సంగతులు రాయండి. కట్టని ఏటా ఎవరు చూస్తున్నారు, కోడి (ఇక్కడ అలుగుని అలా అంటారు) దగ్గర పూడిక, చెత్త ఎప్పుడు తీశారు, తూము పనిచేస్తోందా. మీ అసోసియేషన్‌లో వంద సంతకాలు సులువుగానే వస్తాయి.

మొక్కలు మాత్రం చెరువుకి ఎగువన, నీళ్లు వచ్చే వైపు గట్ల మీద నాటండి, కట్ట పాదం నుంచి కనీసం ఒక అయిదారు మీటర్లు వదిలిపెట్టి ఇవతల మీ కాంపౌండ్‌లో నాటినా సరే. నర్సరీకి డబ్బు కట్టేలోపే ఈ సంగతి మీ వాట్సాప్ గ్రూపులో పెట్టండి.